కొచ్చి మీదుగా

సంచి అడుగున మెత్తటివి పెట్టాలి. ఉతికి ఉతికి వెన్నలా అయిన రెండు నూలు చీరలు నాలుగు మడతలు వేసి పరిచాను, వాటి మీద నువ్వుల పొడి డబ్బా పెట్టాను, నూనె కారుతుందేమోనని తీసి పాత తువ్వాలులో చుట్టి మళ్ళీ పెట్టాను, పక్కన కందిపొడి, ఉన్ని సాక్సులు, దువ్వెన, కొబ్బరినూనె సీసా, సీసా మూతకు ఇంకో పొర ప్లాస్టిక్ కాగితం. సంచి నా మనవరాలు హారతిది. సాయంత్రం బండికి ముంబై పోతుంది, అక్కడి నుంచి తెల్లవారుజామున విమానంలో మారిషస్. అక్కడి ఆసుపత్రిలో దాని తల్లి ఉంది. నా ఒక్కగానొక్క కూతురు స్వరాజ్యం. మూడేళ్ళుగా అక్కడ బట్టల కార్ఖానాలో సూపర్‌వైజరు, పోయిన వారం కుట్టుమిషన్ల మధ్య కూలబడిపోయింది, గుండెలో కవాటం పాడైందన్నారు, ఈ స్థితిలో విమానం ఎక్కకూడదన్నారు, రేపు పొద్దున్నే ఆపరేషన్. హారతి విమానం దిగేసరికి తల్లిని లోపలికి తీసుకుపోయి ఉంటారు. కళ్ళు తెరిచాక మొదట కనిపించే ముఖం తనది కావాలని అది పోతోంది. కళ్ళు మూయకముందు నా ముఖం కనిపించాలని నాలుగింటికి ఫోను. ఇంకా గంట ఉంది. నాకు కావలసింది ఒక్కటే, నా బిడ్డ ముఖం కదలాలి, మాట తెగకూడదు.

"అమ్మమ్మా, ఆ పొడులు ఎయిర్‌పోర్టుల గుంజుకుంటరు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"గుంజుకోనీ. పెట్టకపోతే నాకు నిద్ర పట్టది."

"పెట్టినా పట్టది గదా నీకు."

తల ఎత్తకుండానే అంటుంది. గోడకు ఆనుకుని, పీట మీద లాప్‌టాప్ పెట్టుకుని, వేళ్ళతో ఏదో టకటకమనిపిస్తూ ఉంది పొద్దున్నుంచి. సూరత్‌లో ఈ వడోద్ బస్తీలో మా ఇల్లు రెండు గదులు, కింద ఖాతాలో, మరమగ్గాల షెడ్డులో, మగ్గాలు నడుస్తూనే ఉంటాయి, నేల సన్నగా అదురుతూనే ఉంటుంది, నలభై ఏళ్ళుగా ఆ అదురు మీదే నా నిద్ర, మగ్గాలు ఆగిన రోజునే నాకు మెలకువ వస్తుంది. ఆ అదురులోనే మొన్నటి ఫోను గుర్తుకొచ్చింది. "అమ్మా, జర..." అంది స్వరాజ్యం, నోరు సగం తెరుచుకునే ఆగిపోయింది. కళ్ళు ఆగిపోయాయి. సెలైను గొట్టంలో బొట్టు రాలబోతూ గాలిలో నిలబడిపోయింది. నేను పిలిచాను, గట్టిగా పిలిచాను, అరిచాను, పక్కింటి మంగ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. చచ్చిపోయిన ముఖాలు నేను చూశాను, వాటికీ దీనికీ తేడా ఏమిటో ఆ క్షణంలో చెప్పలేకపోయాను. కాసేపటికి ఆ ముఖం చదరాలు చదరాలుగా, అచ్చు తప్పిన చీర పువ్వులా చెదిరి మళ్ళీ కలిసింది, కలిసేసరికి అది ఇంకేదో మాట మధ్యలో ఉంది. "జర" తర్వాత ఏమందో నాకు అందలేదు. మళ్ళీ అడిగితే ఏం లేదమ్మా అంది. నేను మాట్లాడబోతే అదీ మాట్లాడుతుంది, ఇద్దరం ఆగుతాం, నువ్వు చెప్పు అంటే కాదు నువ్వు చెప్పు, మళ్ళీ ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగుతాం. కడుపున పుట్టినదానితో పరాయివాళ్ళలా ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ నిలబడ్డాం, ఎవరూ దాటలేదు.

ఆ రోజే హారతి నాకు పటం చూపించింది. నేను బడికి పోయినదాన్ని కాను. సిరిసిల్ల నుంచి బస్సులో పసుపూ కారమూ పొట్లాలు కట్టుకొచ్చిన పాత పేపర్లు విప్పి, చేత్తో చదును చేసి, అడిగినవాళ్ళనూ అడగనివాళ్ళనూ విసిగించి అక్షరాలు నేర్చుకున్నాను. పొట్లం కాగితం మీద ఏ సంగతీ చివరిదాకా ఉండదు, నూనె మరక దగ్గరో చిరుగు దగ్గరో ఆగిపోతుంది, మిగతాది మనమే అనుకోవాలి. అట్లా చదివిన నేను ఆ పటాన్ని అంచు నుంచి అంచుదాకా చూశాను. నీలం సముద్రం, నీలం మీద దారాలు, ముంబై దగ్గర పిడికెడు దారాలు సముద్రంలోకి దిగుతున్నాయి, కొచ్చి దగ్గర కొన్ని, చెన్నై దగ్గర కొన్ని, భూమి అంతా ఎవరో పడుగు పరిచి వదిలేసినట్టు. ఇవి గీతలు కాదు అమ్మమ్మా, నిజంగనే ఉన్నయ్, సముద్రం అడుగున, అంది. గొట్టంలో గాజు పోగులు, వెంట్రుకంత సన్నం, ఆ పోగులో వెలుగు నడుస్తుంది, ఆ వెలుగే మన మాట. నా దగ్గూ, నా బిడ్డ నవ్వూ, ఎండ ఎన్నడూ పడని చోట, చేపలకు కూడా కళ్ళు అక్కరలేని చీకట్లో, వెలుగై పోతున్నాయని విన్నాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. భయం వల్ల కాదు. కడుపు నిండిపోయినట్టుంది.

"మన మాట ఏ తొవ్వల పోతున్నదో చూడు," అని వేలుతో చూపించింది. మా గల్లీ నుంచి ముంబై, ముంబై నుంచి సముద్రంలోకి, అరబ్బు దేశాల పక్కనుంచి ఎర్ర సముద్రం, అది దాటి ఈజిప్టు, ఇంకో సముద్రం, ఫ్రాన్సు, లండన్. లండన్‌లో వెనక్కి తిరిగి ఆఫ్రికా అంచు పట్టుకుని కిందికి, కిందికి, అప్పుడు మారిషస్. మారిషస్ ఎక్కడుందంటే మనకు నైరుతిన, సముద్రంలో. ఎదురింటికి పోవడానికి ఢిల్లీ పోయి వచ్చినట్టు. మంగ అక్కడే ఉంది, పటంలోకి తొంగిచూసి ఊరుకుంటుందా.

"నయమే పద్మక్కా, నువ్వు ఈ పక్క ఉధ్నా దాటకపోతివి, నీ మాట లండన్ చూసొచ్చింది. జర షాలు కప్పి పంపకపోయినవ్, చలి."

"ఎందుకే గిట్ల తిప్పుతరు?" అని నేను హారతిని అడిగాను.

"సస్తా గదా అమ్మమ్మా, పైసలు తక్కువ. సస్తా తొవ్వలకు దూరం పట్టింపు ఉండది. అందరు గా తొవ్వలనే పడ్తరు. ఇప్పుడేమో ఎర్ర సముద్రంల వైర్లు తెగినయ్, మిగిలిన వైర్ల మీద లోకమంత ఎక్కి కూసుంది. గందుకే మమ్మీ ముఖం ఆగుతున్నది."

దాని ఉద్యోగమే ఆ దారులు ఏరడం. తాపీ నది అవతల అడాజన్‌లో ఒక చిన్న కంపెనీ, చీరల వ్యాపారులకు, హజీరా కార్ఖానాలకు ఏ దేశంతో మాట్లాడాలంటే ఆ దేశానికి మంచి దారి ఏరి ఇస్తారు. డబ్బు ఎక్కువ, రద్దీ తక్కువ, ప్రీమియం రూటు అంటారు. ఇంతకాలం ఈ పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని ఏం చేస్తుందో నాకు అర్థమయ్యేది కాదు, అడిగినవాళ్ళకు ఫోన్ల కంపెనీ అని చెప్పేదాన్ని. ఇప్పుడు చూస్తే బస్టాండులో నిలబడి ఎవరు ఏ బస్సు ఎక్కాలో చెప్పేవాడి పని, కాకపోతే ఎక్కేవి మనుషుల గొంతులు.

లాప్‌టాప్‌లో నల్లటి గడి ఒకటి తెరిచి పెట్టింది, దాంట్లో తెల్లటి అక్షరాలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి, వాన చినుకుల్లా. సంచి వదిలేసి పక్కన కూర్చున్నాను.

"ఏంజేస్తున్నవ్?"

"చిన్న పలకరింపు పంపుతున్న. ఆసుపత్రి దాక పోయి, ముట్టుకోని, ఎనుకకు రావాలె. ఎంతసేపట్ల వచ్చిందో చూస్త."

"రాకపోతే?"

"రాలేదని రాస్తది. గిదో, పాత తొవ్వల నూరు పంపితే తొమ్మిది రాలేదు."

"గా తొమ్మిది ఏమైనయ్?"

"తెల్వది. తొవ్వల యాడనో పడ్తయ్."

"ఎతుకరా?"

"ఎవరెతుకుతరు అమ్మమ్మా. ఇంకొకటి పంపుతరు, అంతే."

ఇంకొకటి పంపుతారు. మా అమ్మకు ఇంకొకడు లేడు. పరమేశ్ నా ఒక్క తమ్ముడు, నా వెనక పద్నాలుగేళ్ళకు పుట్టాడు, నా ఒళ్ళోనే పెరిగాడు, నా వెనకే సూరత్ వచ్చి మగ్గం పట్టాడు. తొంభై నాలుగులో ప్లేగు అన్నారు, ఒక్క రాత్రిలో గల్లీలు ఖాళీ, మూతులకు గుడ్డలు కట్టుకుని లోకమంతా స్టేషనుకే పరుగు, బండి కనపడేది కాదు, బండి ఆకారంలో మనుషులు కనపడేవాళ్ళు. మా ఆయన లక్ష్మీరాజం ఆ జనాన్ని చూసి వెనక్కి తిప్పాడు. అందరూ పడ్డ తొవ్వ నడవది, అన్నాడు. టెంపోలో కడోదరా తీసుకుపోయి, హైవే మీద ధూలే పోయే లారీ పట్టాడు, తానుల మూటల మీద నన్నూ స్వరాజ్యాన్నీ ఎక్కించాడు, ధూలే నుంచి మన్మాడ్, అక్కడ బండి ఎక్కి నిజామాబాద్, చుట్టుదారి, అయినా కదులుతూ ఉండే దారి. పరమేశ్ కడోదరా దాకా మూటలు మోసి వచ్చాడు. లారీల ఎముకలు ఇరుగుతయ్ బావా, నేను బండికే పోత, మీకంటె ముంగట పోయి బువ్వ వండిపెడ్త, అని నవ్వుకుంటూ వెనక్కి పోయాడు. వాడికి ఇరవై రెండేళ్ళు. మేం మూడో రోజున ఊరు చేరాం. పొయ్యి చల్లగా ఉంది. బస్టాండులో, స్టేషన్లలో, ఆసుపత్రుల్లో అడిగాం, భూసావల్‌లో చూశామన్నారు ఎవరో, చూడలేదన్నారు ఇంకెవరో. మగ్గాలకు కాపలాగా సూరత్‌లోనే ఉండిపోయిన మా ఆయన కోసం నేను రోజూ వణికాను, ఆయన దీపావళికి గడ్డం పెంచుకుని గుమ్మంలో నిలబడ్డాడు, ఆ తర్వాత పదహారేళ్ళు బతికి ఇదే గదిలో నా చేతి మీద పోయాడు. భయపడ్డ మనిషి వచ్చాడు. భయపడని మనిషి రాలేదు. అప్పటినుంచి అందరి గురించీ భయపడతాను, ఒక్కరినీ వదలను. పాలవాడు ఆలస్యమైనా భయపడతాను.

"అమ్మమ్మా, ఏడుస్తున్నవా?"

"లేదు. లెక్క చూస్తున్న."

హారతి ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి ఆ లండన్ దారి, తెగింది తెగినట్టే ఉంది. రెండోది తూర్పుకు పోయి సింగపూర్ మీదుగా, అది నమ్మకమైనదేగానీ దూరం, మాట పోయి వచ్చేలోపు మనిషి రెండు సార్లు ఊపిరి తీసుకున్నట్టుంటుందట. మూడోది కొచ్చి మీదుగా. కొచ్చిలో సముద్రంలోకి దిగితే సూటిగా, మధ్యలో ఏ దేశమూ లేకుండా, ఒక్క మునక, మారిషస్‌లో తేలడమే. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. అన్ని వేల మైళ్ళు ఒక్క మునక. ఆ దారిని సూరత్ మార్కెట్లో ఒక చీరల సేఠ్ అద్దెకు తీసుకుని ఉన్నాడు, రోజూ నాలుగింటికి మారిషస్ దుకాణాల వాళ్ళకు వీడియోలో చీరలు పరిచి చూపిస్తాడు, పండగల ముందు రోజులు, ఒక గంట పోతే ఎన్ని బేళ్ళ బేరం పోతుందో. హారతి వాళ్ళ సార్ ఈవేళటి గంట అడగ్గానే ఆయన ఇచ్చేశాడట. పొద్దున నాకే ఫోన్ చేశాడు, ముందు ఎన్నడూ చూడని మనిషి. "బా, ఆజ్ సాడీ నహీ, బేటీ దేఖో," అన్నాడు. అమ్మా, ఈవేళ చీరలు కాదు, బిడ్డను చూసుకో అని. నేను అచ్ఛా అచ్ఛా అన్నాను, ఫోను పెట్టేశాక గోడకు దండం పెట్టాను. ఒక మనిషి తన గంటను తీసి నా చేతిలో పెడతాడని, అది గాజు పోగు మీద సముద్రం దాటుతుందని నాకు ఏ కాగితమూ చెప్పలేదు.

మూడున్నర దాటాక హారతి పెదవి కొరికింది. కొచ్చి నుంచి సముద్రం దారి నిలకడగానే ఉంది, ముంబై నుంచి కొచ్చికి పోయే నేల దారి వణుకుతోంది. కొంకణంలో వానలు, ఎక్కడో గట్టు జారిందో, ఎవరు తవ్వుతున్నారో, ఒకసారి తొందరగా వస్తోంది, ఒకసారి ఆలస్యంగా వస్తోంది, నల్లటి గడిలో అంకెలు జ్వరం వచ్చినవాళ్ళ నాడిలా ఉన్నాయి. నేను సంచి తాళం తీసి, వేసి, తీసి, మళ్ళీ వేశాను. అది అడాజన్‌కు ఫోన్ చేసి హిందీలో, గుజరాతీలో గబగబా ఏదో మాట్లాడింది, పటం మీద ఇంకో గీత ముట్టింది.

"హైదరాబాద్ మీదుగ తిప్పుతున్న. ముంబై, హైదరాబాద్, బెంగుళూరు, కొచ్చి. జర దూరం. కానీ వణుకది."

"మన దిక్కుకెళ్ళేనా?"

"మన దిక్కుకెళ్ళే అమ్మమ్మా."

నేను పటానికి ఇంకా దగ్గరగా జరిగాను. నలభై ఏళ్ళ కింద నేను విడిచి వచ్చిన నేల కింద నుంచి, జొన్న చేల కింద నుంచి, రోడ్డు పక్కన ఎవరూ చూడని కాలువలో నుంచి, నా మాట నాకు తెలియకుండా వెళ్ళబోతోంది. లక్ష్మీరాజం ఇప్పుడు ఇక్కడ ఉంటే ఏమనేవాడు, తల ఊపేవాడు, అంతే, కడోదరాలో ఊపినట్టు. దగ్గర దారి కాదు, నడిచే దారి. ఈ పిల్లకు అది ఎవరూ చెప్పలేదు, తాతను సరిగా ఎరగనైనా ఎరగదు, తెరమీద అంకెల్ని చూసి తనకు తానే తెలుసుకుంది. నూరు పంపింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. ఒకటి పోయింది, వచ్చింది. ఇంకొకటి పోయింది, వచ్చింది. పోయినవన్నీ ఒకే నడకతో, ఒకే సమయానికి, బడి విడిచిన పిల్లల్లా వరసగా ఇంటికి వచ్చాయి. రానిది ఒక్కటీ లేదు. నా జీవితంలో అట్లాంటిది నేను చూడలేదు.

నాలుగు కావస్తుంటే బొట్టు దిద్దుకున్నాను, పెద్దదైంది, తుడిస్తే ఇంకా పెద్దదైంది, వదిలేశాను. ఏం చెప్పాలో మనసులో పేర్చుకోబోతే ఒక్కటీ నిలవలేదు. అసలు నాకూ స్వరాజ్యానికీ ఫోనులో చివరి మాట అనేది లేదు. మాకు అది మగ్గం దగ్గర నుంచి వచ్చిన అలవాటు. పడుగు అయిపోయినప్పుడు గుడ్డను అంచుదాకా కోసుకోరు. అచ్చులో, ఆ దువ్వెన పళ్ళలో, పాత పోగుల కొసలు జానెడు వేలాడనిస్తారు, కొత్త పడుగు వచ్చినప్పుడు వేళ్ళకు బూడిద అద్దుకుని ఒక్కో కొసకూ ఒక్కో పోగు అతుకుతారు, ఆడవాళ్ళ పని అది, నా వేళ్ళ కొనలు ఇప్పటికీ నున్నగానే ఉంటాయి. కొసలు మిగలని మగ్గాన్ని బోడి మగ్గం అంటారు, ఆ ఇంట్లో దీపం పెట్టినా వెలుగు రాదనేది మా అత్త. స్వరాజ్యం పదిహేనేళ్ళ పిల్లగా ఆ ధూలే లారీ మీద, నేను ఏడుస్తుంటే, నాకొక కథ చెప్పింది, రాజూ లేడు రాణీ లేదు, ఒక దొంగ మేకపిల్ల కథ, సగంలో ఆపి, మిగతాది మన్మాడ్‌ల చెప్త, అప్పటిదాక ఏడువకు అంది. నిజంగానే ఏడుపు ఆగింది. మిగిలినదాని కోసం మనిషి బతుకుతాడు. అప్పటి నుంచి అంతే. కాపురానికి పోయినప్పుడూ, భర్త చనిపోయి నా ఇంటికి తిరిగి వచ్చినప్పుడూ, మారిషస్ పోతూ గుమ్మంలో నిలబడినప్పుడూ, ఫోను పెట్టే ముందూ, ఒక సంగతి సగం చెప్పి ఆపుతుంది, నేనూ ఆపుతాను. ఆ కొసకే మరుసటి మాట అతుక్కుంటుంది. మంగకు ఇది పిచ్చిగా కనపడుతుంది. తల్లీబిడ్డలకు పూర్తిగ చెప్పుకునుడు చేతకాదు, అని గల్లీ అంతా చెప్పింది.

మోగింది. హారతి వేలు వేసింది. స్వరాజ్యం వచ్చింది.

వచ్చింది అనే అంటాను, ఇంకో మాట చేతకాదు. కిటికీ తెరిస్తే అవతల నిలబడి ఉన్నట్టుంది. రెప్ప వేసింది, రెప్ప వేయడం చూశాను. ముక్కుపుడక తీసేసిన చోట చిన్న చుక్క, చెంప మీద దిండు మడత, మెడ దగ్గర నరం కొట్టుకోవడం, అన్నీ. వెనక సెలైను బొట్టు రాలింది, ఇంకోటి నిండింది, రాలింది. దాని వెనక కిటికీ, కిటికీలో చెరుకు తోట, తోట మీద గాలి ఇట్నుంచి అటు పోతుంటే ఆకులు వెండిగా తిరగబడటం. కడోదరా దాటాక ఉండే చెరుకు లాంటిదే. అక్కడ వీచే గాలిని నేను ఇక్కడ కూర్చుని అది వీచినప్పుడే చూస్తున్నాను. పటంలో చూసినదంతా గుర్తుకు తెచ్చుకోవాలనుకున్నాను, ముంబై, హైదరాబాద్, కొచ్చి, మునక, తేలడం. గుర్తుకు రాలేదు. మా మధ్య అంత దూరం ఉందన్నది నమ్మబుద్ధి కాలేదు.

"ఏందమ్మా గంత పెద్ద బొట్టు? పెండ్లికి పోతున్నవా?"

నాకు నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఒకరి నవ్వు అయ్యాక ఒకరిది కాదు, ఒకే నవ్వు, ఇద్దరి నోళ్ళలో. మూడేళ్ళలో మేం కలిసి నవ్వడం అదే మొదలు. హారతి మోచేత్తో నన్ను పొడిచింది, చూశావా అన్నట్టు.

"సంచిల ఏమేం కుక్కినవ్?"

"నువ్వుల పొడి. కందిపొడి."

"గుంజుకుంటరు."

"గుంజుకోనీ."

"నువ్వు మారవు."

"నువ్వు మారినవా? తిన్నవా ఏమన్న?"

"ఇయ్యాల పెట్టరు. రేపటి కోసం కడుపు ఖాళీ ఉండాలె."

"భయమైతుందా బిడ్డా?"

"అయితది మరి. నీకు?"

"నాకెప్పుడు కాలే."

మళ్ళీ ఇద్దరం నవ్వాం, ఈసారి మెల్లగా. తర్వాత ఊరికే చూసుకున్నాం. మాట్లాడకుండా ఉండటానికి కూడా మంచి దారి కావాలని నాకు అప్పుడు తెలిసింది. చెడ్డ దారిలో మౌనం వస్తే లైను పోయిందేమోనని అరుస్తాం. ఇక్కడ మౌనం మౌనంలాగే వచ్చింది, దాని ఊపిరి వినపడుతూ, నా కింద మగ్గాలు అదురుతూ. ఆ మగ్గాల చప్పుడు దానికి కూడా వినపడుతోందట. కింద ఒక మగ్గం కుంటుతున్నది అమ్మా, ఎడమ దిక్కుది, చెప్పు వాళ్ళకు, అంది. అంత దూరం నుంచి. నేను చెవి పెట్టి విన్నాను, నిజమే, కుంటుతోంది.

అప్పుడు అది గొంతు తగ్గించి, పక్కకు చూసి చెప్పింది.

"పక్క మంచంల ఒక ముసలమ్మ ఉన్నది. తొంభై ఏండ్లుంటయ్. ఈడనే పుట్టిందంట. వాళ్ళ తాతల తాతలు ఓడెక్కి చెరుకు కొట్టనీకి వచ్చిన్రంట, మన తెలుగోళ్ళే. వచ్చినోళ్ళు ఒక్కలు తిరిగి పోలేదంట. ముసలమ్మకు తెలుగు మాట్లాడ రాదు, దేవుని పాటలు మాత్రం పాడుతది, అర్థం తెల్వకుండనే. నేను నీతోని మాట్లాడుతుంటే రోజూ చెవి పెట్టి ఇంటుండె. నిన్న పొద్దుగాల నా చెయ్యి పట్టుకోని ఇంగ్లిష్ల ఒకటి అడిగింది. ఏమడిగిందో తెల్సా?"

"ఏమడిగింది?"

అది నా వైపు చూసింది. తానుల మూటల మీద కూర్చుని చూసినట్టే చూసింది. మూతి బిగించి నవ్వు ఆపుకుంటోంది.

"వచ్చినంక చెప్త."

"మమ్మీ!" హారతి లాప్‌టాప్‌లోకి దూరిపోయింది. "చెప్పు జల్దీ. లైన్ మస్తుంది. రెండు రోజుల సంది గీ రూటు కోసం నేను తినలే, పండలే. ఎంతసేపైన ఉంటది. పూర్తిగ చెప్పు."

"గందుకే బిడ్డా చెప్త లేను. మొన్న లైన్ పాడై మాట తెగింది. ఇది తెగలేదు. ఇది నేను మిగిలిస్తున్న. మీ అమ్మమ్మను అడుగు."

హారతి నా వైపు చూసింది, కళ్ళలో నీళ్ళు, కోపం. ఇంత నిర్మలమైన దారి, ఇంతమంది కలిసి ఇచ్చిన గంట, ఏది పెట్టినా మోసుకుపోగల వెలుగు, అది అంతా ముందుంది. అడిగితే చెప్పేది. ఒక్క మాట. నాకు తెలుసు. చెప్పించుకుంటే కొస మిగలదని కూడా తెలుసు.

"మిగిల్చు బిడ్డా," అన్నాను. "వచ్చినంక చెప్పు."

"వచ్చినంక," అంది.

నర్సు వచ్చింది, తెల్ల చెయ్యి ఒకటి సెలైను గొట్టాన్ని ముట్టుకుంది. స్వరాజ్యం చెయ్యెత్తింది. ముఖం ఆగలేదు, చెదరలేదు, మసకబారలేదు, చివరిదాకా రెప్పలు వేస్తూనే ఉంది, తన వేలితో తానే ఫోను పెట్టేసింది. నల్లటి గడిలో అక్షరాలు ఇంకా దిగుతూనే ఉన్నాయి. హారతి చూసి, కళ్ళు తుడుచుకుని, మెల్లగా అంది, ఒక్కటి కూడ పడిపోలేదు అమ్మమ్మా, పోయినయన్నీ వచ్చినయ్. నేను దాని తల నిమిరాను. ఎంత గొప్ప పని చేస్తున్నావే అన్నాను. ఇంత చిన్న గదిలో, పీట మీద, ఇంత పెద్ద సముద్రాన్ని పక్కకు జరిపావే. కింద ఎడమ మగ్గం కుంటుతూనే ఉంది. గల్లీ చివర ఆటో హారను మోగింది, మంగ మెట్ల మీద నుంచి, ఏందే పోరీ, బండి నీ కోసం ఆగుతదనుకున్నవా, అని కేకేస్తోంది. సంచి నేనే గుమ్మం దాకా మోశాను.

హారతి దసరా వెళ్ళాక తిరిగి వచ్చింది. నువ్వుల పొడి ఎవరూ గుంజుకోలేదట, అట్లాగే తిరిగి తెచ్చింది. పక్క మంచం ముసలమ్మను తను చేరకముందే ఇంటికి తీసుకుపోయారట, ఏ ఊరో ఆసుపత్రి వాళ్ళు చెప్పలేదట. స్వరాజ్యం తిరిగి రాలేదు. ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరవలేదు. అది పోయింది రెండు వేల ఇరవై అయిదు, సెప్టెంబరు ఇరవై ఒకటి, ఆదివారం.